రుక్మిణమ్మ రవిక

ప్రొద్దుటూరులో సగంమంది ఆడవాళ్ల భుజాల కొలతలు కంటితో చూసి చెప్పగలిగిన రుక్మిణమ్మకు, పందొమ్మిదో యేటినుంచి యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తన ఒంటిమీద రవిక లేదు. ఆ తర్వాత ఏడేళ్లు తొడుక్కుంది. పంతొమ్మిది వందల అరవైలో, ఆషాఢమాసంలో ఒక సోమవారం పొద్దున, గ్లాసులో కాఫీ ఇంకా సగం ఉండగానే పోయింది. పోయేముందు పెద్ద మాటలేవీ చెప్పలేదు. చెప్పవలసింది ఆరు నెలల ముందే మనవరాలు కాత్యాయనికి చెప్పి పెట్టుకుంది.

"ఒంటిమీద రవిక లేకుండా నన్ను ఈ వీధి దాటించొద్దు కాత్యా. దాటిస్తే మీ నాయన్ను ఏమీ చెయ్యను గానీ, నిన్ను మాత్రం వదల్ను."

కాత్యాయని సరేనంది. మనిషి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చావు సంగతి మాట్లాడుతుంటే సరేననడానికి ఏం కష్టం? ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎవరిని దాటాలో మాత్రం ఆమెకు అప్పుడే తెలుసు. శాస్త్రాన్ని కాదు, తండ్రిని.

తండ్రి లక్ష్మీపతి జమ్మలమడుగు తాలూకా కచేరీలో హెడ్డు గుమాస్తా. రుక్మిణమ్మకు ఒక్కగానొక్క కొడుకు. ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి పెట్టె సర్దుకుని పోయే ఉద్యోగం గనక, కూతురి చదువు చెడుతుందని హైస్కూలు నాటినుంచి ఆమెను ప్రొద్దుటూరులో తల్లి దగ్గర వదిలాడు. కాత్యాయని అక్కడే చదివింది, అక్కడే ఆడపిల్లల బడిలో టీచరయింది. అవ్వ దగ్గర వదిలితే పిల్ల పద్ధతిగా పెరుగుతుందని ఆయన నమ్మకం. పెరిగింది. ఎవరి పద్ధతి అన్నదే ఆయన ముందుగా ఆలోచించుకోలేదు.

రుక్మిణమ్మను పులివెందులకు ఇచ్చారు. పందొమ్మిదో యేట మొగుడు విషజ్వరంతో పోయాడు. పదోనాడు చుట్టాలంతా చేరి ఆమె ఒంటిమీద ఉన్నవి ఒక్కొక్కటే తీశారు. ఒకరు గాజులు పగలగొట్టారు, ఒకరు బొట్టు చెరిపారు, మంగలి జుట్టు తీసుకుపోయాడు. రవిక ఎవరు విప్పారో ఆమెకు గుర్తులేదు. అడిగితే, "అన్ని చేతుల్లో ఏ చెయ్యని చెప్పాల" అనేది. ఏడాది పిల్లవాణ్ణి చంకనేసుకుని, ఒక్క తెల్ల గుడ్డ చుట్టుకుని, ప్రొద్దుటూరులో పిల్లల్లేని అన్న ఇంటికి వచ్చింది. మడిలో ఉండే విధవకు కుట్టిన గుడ్డ పనికిరాదు. చలికాలమైనా, వానాకాలమైనా అదే గుడ్డ.

అన్న ఇంటి పెరటి గోడ అవతల హుమాయున్ అనే దర్జీ ఉండేవాడు. అతని కాలు మిషను వెనక వసారాలోనే. మధ్యాహ్నం అతను భోజనం చేసి పడుకుంటే భార్య గుల్జార్‌బీ మిషను మీద కూర్చునేది. అప్పటికి గుల్జార్‌బీకి పదిహేనేళ్లు, కొత్త కోడలు. ఆ చప్పుడుకు రుక్మిణమ్మ బట్టలుతికే బండ ఎక్కి గోడ మీదుగా చూసేది. ఒక ఏడాదంతా చూసింది. రెండో ఏడు చేతిసూదితో తనే ఒక రవిక కుట్టి గోడ మీదుగా గుల్జార్‌బీకి అందించింది. అది తొడుక్కోబోతే తెలిసింది, రెండు చేతులూ కుడిచేతివే. గుల్జార్‌బీ ఆ రవికను విప్పకుండా దాచుకుంది. నలభై ఏళ్ల తర్వాత కూడా కోపం వచ్చినప్పుడల్లా అది తెచ్చి చూపించేది.

రెండో రవిక నుంచి తప్పు జరగలేదు. ఊళ్లో పేరు వచ్చింది, పేరుతోపాటు ఒక చిక్కూ వచ్చింది. వంట, పూజ అయ్యి మడి విడిచేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆడవాళ్లు వచ్చేదేమో పొద్దున, మొగవాళ్లు పనులకు పోయాక. మడిలో ఉండి ఎవరినీ తాకకూడదు కదా, టేపు ఎట్లా పట్టేది? రుక్మిణమ్మ గడప లోపల నిలబడేది, వచ్చినామె ముంగిట్లో నిలబడేది. చేతులెత్తమనేది, తిరగమనేది. చివర్న నవ్వమనేది.

ఎందుకు నవ్వాలో తెలియక కొత్తగా వచ్చినవాళ్లు బిక్కమొహం వేసేవాళ్లు. అట్లాంటప్పుడు వాళ్ల అత్తల గురించి ఏదో ఒకటి అడిగి నవ్వించేది. నవ్వితే పక్కటెముకలు ఎంత విచ్చుకుంటాయో చూసి, దానికి సరిపడా వదులు పెట్టేది. నవ్వితే పిగిలే రవిక రవిక కాదు, శిక్ష అని ఆమె మతం. నెల తప్పిన సంగతి మొగుళ్లకంటే ముందు ఆమెకే తెలిసేది. పైకి అనేది కాదు, లోపలి మడత రెండు వేళ్లు ఎక్కువ వదిలేది. ఇంటికి పోయి రవిక తిరగేసి ఆ మడత చూసుకుని కొందరు సిగ్గుపడేవాళ్లు, కొందరు వేళ్లు లెక్కపెట్టుకునేవాళ్లు.

తరవాత సొంత మిషను కొనుక్కుంటానంది. అప్పుడు వీధిలో వైదికం చేసే పెద్దాయన వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. చక్రానికీ చక్రానికీ మధ్య తోలు పట్టా ఉంటుంది, చచ్చిన పశువు తోలు ఈ గడప దాటి లోపలికి రాకూడదు అన్నాడు. రుక్మిణమ్మ సరేనంది. సాలెవాళ్ల వీధి నుంచి నూలు తెప్పించి, పన్నెండు పోగులు పేని, మైనం పట్టించి తాడు చేసింది. తోలు పట్టా కొట్లోనే వదిలేసి మిషను ఇంటికి తెచ్చి ఆ తాడు వేసింది. వానాకాలంలో తాడు సాగి చక్రం జారేది గానీ, పెద్దాయన మళ్లీ అరుగెక్కడానికి కారణం దొరకలేదు.

ఆమె నడక అంతా అదే. ఎవరైనా కారణం చెప్పి వద్దంటే, ఆ కారణాన్ని తీసి పక్కన పెట్టేది. కారణం చెప్పకుండా వద్దంటే వినపడనట్టు ఊరుకునేది. చెవుడేమోనని కొందరు అనుకున్నారు కూడా.

ఊరందరికీ రవికలు కుట్టే మనిషి తను మాత్రం భుజాలకు తెల్లగుడ్డ కప్పుకుని మిషను తొక్కుతుంటే చూడటం కాత్యాయనికి చిన్నప్పటినుంచీ అలవాటే. అలవాటైనవి మనకు కనపడవు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, అక్టోబరు ఒకటో తేదీకి బడిలో జెండా పండగ చేస్తున్నామని నలభైమంది ఆడపిల్లలకు తెల్ల రవికలు కుట్టమన్నారు. కాత్యాయనికి అప్పుడు పదిహేనేళ్లు. గుండీలు కుట్టడానికి కూర్చున్నది కూర్చున్నట్టే, నలభై ఒకటోది ఎవరికవ్వా అని అడిగింది.

"పెద్దదానికి" అంది రుక్మిణమ్మ.

పండగరోజు ఆ పెద్దది బడి గోడ పక్కన నిలబడింది. పైట కింద తెల్ల రవిక, మోచేతుల దాకా చేతులు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన ఆడవాళ్లందరి రవికలూ ఆమె కుట్టినవే, మాటామాటా పెరిగితే మళ్లీ ఎవరి గడప ముందు నిలబడి నవ్వాలి? రాష్ట్రం వచ్చిందని అందరూ బెల్లం ముక్కలు పంచుకుంటుంటే రుక్మిణమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, తనకూ ఏదో వచ్చినట్టే చప్పరించింది.

ఆ వారమే లక్ష్మీపతి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది?"

"రవిక."

"అది తెలుస్తాండాది."

"తెలుస్తాంటే అడిగేది ఎందుకు నాయనా? చేతులు కడుక్కో, అన్నం పెడతా."

ఆయన చేతులు కడుక్కోలేదు. మడి చెడిన చేతి కూడు తిననన్నాడు. ఉన్న మూడు రోజులూ బస్టాండు దగ్గర కాఫీ ఓటల్లో, ఎవరు పిండి రుబ్బారో, ఎవరు వండారో తెలియని ఇడ్లీలు తిన్నాడు. తిరిగి ఉద్యోగానికి పోయి ఎనిమిది నెలలు రాలేదు. చివరికి ఆయన్ను తెచ్చింది కడుపునొప్పి. తల్లి మజ్జిగన్నం కలిపి పెట్టింది, ఆయన తిన్నాడు. రుక్మిణమ్మ కూడా ఒక మెట్టు దిగింది. మధ్యాహ్నం దాకా వంటకూ దేవుడికీ మడిగుడ్డ, ఆ తర్వాత తనకు రవిక. ఇట్లా రోజును రెండు ముక్కలుగా కత్తిరించి, తల్లీకొడుకులు ఏడేళ్లు గడిపారు. లక్ష్మీపతి వచ్చినప్పుడు పొద్దున పూట తల్లితో మాట్లాడేవాడు, మధ్యాహ్నం నుంచి పేపరు చదివేవాడు.

అందుకే సోమవారం పొద్దున ఏడుగంటలకు, కాఫీ గ్లాసు పక్కకు జరిపి అవ్వ కళ్లు మూసినప్పుడు, కాత్యాయని చేసిన మొదటి పని జమ్మలమడుగు బస్సులో మనిషిని పంపడం. రెండోది పెట్టె తెరిచి అవ్వ మధ్యాహ్నం రవిక తీయడం. ఉతికి మడత పెట్టిన తెల్లది, మెడ దగ్గర సన్నటి కుట్టు. దాన్ని తలదాపున పెట్టి కూర్చుంది. ఏడవడం తర్వాత చేయవచ్చు, ముందు ఈ మధ్యాహ్నం గడవాలి.

తొమ్మిదిన్నరకు తల్లిదండ్రులు దిగారు. అప్పటికే ముంగిట్లో అరవై డెబ్బైమంది ఆడవాళ్లున్నారు. లక్ష్మీపతి వాళ్ల మధ్యనుంచి దారి చేసుకుని లోపలికి వచ్చి, తల్లి కాళ్ల దగ్గర కూలబడి చాలాసేపు ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. పై కండువాతో మొహం తుడుచుకుని తలెత్తేసరికి తెల్ల రవిక కనపడింది. దాన్ని తీసేయమన్నాడు.

కాత్యాయని తీయలేదు. అవ్వ కోరిక చెప్పింది. గట్టిగా చెప్పలేదు గానీ కిటికీ అవతలివాళ్లకు వినపడేట్టు చెప్పింది. లక్ష్మీపతి కూడా గట్టిగా అరవలేదు. ఏడేళ్లు ఓర్చుకున్నాననీ, పోయేటప్పుడైనా అమ్మను అమ్మలాగా పోనిమ్మనీ అన్నాడు. మాట తెగలేదు. ఇక వైదికం చేసే మల్లికార్జునయ్యను లోపలికి పిలిచారు. అరుగెక్కి తోలు పట్టా వద్దన్న పెద్దాయన కొడుకే ఈయన. మంచివాడు, అబద్ధం చెప్పడు, కళ్లద్దాలు లేకుండా మంత్రం కూడా చెప్పడు.

ఆయన రవికను తాకకుండా వంగి చూసి, నెమ్మదిగా తీర్పు చెప్పాడు.

"తల్లీ, కోపం చేసుకోవద్దు. సూది దిగిన గుడ్డ, కుట్టు పడిన గుడ్డ చితి మీదికి పనికిరాదు. అదొక్కటే అడ్డం. లేకుంటే నాకేముంది?"

వద్దనేవాళ్లు చేయకూడని పొరపాటు ఒకటుంది. కారణం చెప్పడం. మల్లికార్జునయ్య ఆ పొరపాటు చేసిన సంగతి ఆ క్షణంలో కాత్యాయనికి కూడా తట్టలేదు. ఎందుకంటే ఆయన అటు తిరగగానే ఆమె మొండికేసి, తల్లి మీనాక్షిని పిలిచి, అడ్డంగా చీర కట్టి, అవ్వకు స్నానం చేయించాక రవిక తొడగబోయింది. చెయ్యి లేవలేదు. నలభై ఏళ్లు మిషను మీద ఆడిన చెయ్యి, మూడు నాలుగు గంటల్లో కట్టెలా బిగుసుకుంది. ఇంకా లాగితే రవికైనా చిరగాలి, చెయ్యైనా విరగాలి. శాస్త్రం వద్దంది, తండ్రి వద్దన్నాడు, ఇప్పుడు అవ్వ చెయ్యి కూడా వాళ్లతో చేరింది.

కాత్యాయని రవికను పక్కన పడేసి పెరట్లోకి పోయింది. అప్పటికి ఆమెకు ఏడుపు వచ్చింది.

గోడ అవతల గుల్జార్‌బీ నిలబడి ఉంది. జుట్టంతా నెరిసింది, పళ్లు సగం పోయాయి. ఎంతసేపటినుంచి చూస్తోందో, లోపలి సంగతంతా తెలిసినట్టే ఉంది.

"ఆ తెల్లది యాడ పడుతుంది బేటీ" అంది. "అది తొడగలేమని మీ అవ్వకు తెలీదా? ఎన్ని పీనుగలకు గుడ్డలు మార్చడం చూసింది. ఉండు."

లోపలికి పోయి, పాత దుప్పటి ముక్కలో చుట్టిన మూట తెచ్చి గోడ మీద పెట్టింది. నీ దగ్గర ఎందుకుంది అని కాత్యాయని అడిగితే, మీ ఇంట్లో పెడితే మీ నాయన పెట్టెలు వెతకడా, మా ఇంట్లో ఎవరు వెతుకుతారు అంది. అని, మూట విప్పకముందే ఇంకో మాట చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు.

ఆమె చెప్పినది ఇది. ఆరు నెలల కిందట ఒక మధ్యాహ్నం రుక్మిణమ్మ గోడ చుట్టి వాళ్లింటికి వచ్చి, వసారాలో చాప మీద వెల్లకిలా పడుకుంది. నేను పీనుగను, నువ్వు దీన్ని నాకు కట్టు, నా చెయ్యి ఎత్తకుండా కట్టు అంది. గుల్జార్‌బీ కట్టింది. పీనుగ కదలకూడదని చెబితే పీనుగ నవ్వింది. మొదటిసారి భుజం దగ్గర ముడి వదులైంది. లేచి కూర్చుని అక్కడ ఇంకో చీలిక పెట్టి, మళ్లీ పడుకుంది. అట్లా నాలుగుసార్లు చచ్చింది. నాలుగోసారి సరిపోయాక లేచి, దీనికి మాత్రం నవ్వుకు వదులు పెట్టే పని లేదు లే అని మడత పెట్టి ఇచ్చిపోయింది.

కాత్యాయని మూట తీసుకుని చీర చాటుకు వచ్చి విప్పింది. వంకాయ రంగు నేతగుడ్డ. రెండు పక్కలా మగ్గం మీద దిగిన అంచులే, కత్తిరించి మడిచినవి కావు. ఒకే పొడుగు ముక్క, మధ్యలో మెడకు మాత్రం కోత. ఆ కోత చుట్టూ పోగులు లాగి, సాలెవాళ్లు గుడ్డ చివర ముడులు వేసినట్టు, ఆవగింజంత ముడులు. అంచు వెంబడి చీలికలు, ఆ చీలికల్లోంచి దూర్చి కట్టడానికి అదే గుడ్డనుంచి చీల్చిన పేలికలు. చేతులు తొడగవు, చుట్టుకుంటాయి. తల కూడా ఎత్తక్కర్లేదు, వీపు తెరిచే ఉంది.

కాత్యాయని రెండుసార్లు తిరగేసి చూసింది. మూడోసారి తల్లి చూసింది. మీనాక్షి పాతికేళ్లుగా మొగుడి ఎదుట పైకి మాట్లాడి ఎరగని మనిషి. అత్త కుట్టిన రవికలు పాతికేళ్లుగా తొడుక్కుంటున్న మనిషి కూడా. ఆమె మెడ దగ్గర ముడులమీద వేలు పెట్టి నడిపించి, గుసగుసగా, "దీనికి సూది తగల్లేదే" అంది.

కడుపు నింపిన సూదిని, ఊళ్లో పేరు తెచ్చిన సూదిని, రుక్మిణమ్మ తన ఆఖరి రవిక దగ్గర పక్కన పెట్టింది. వాళ్లు ఏ కారణం చెబుతారో ముందే తెలిసి, ఆరు నెలల ముందే దాన్ని తీసేసి, అవతలి ఇంట్లో దాచింది.

తల్లీకూతుళ్లు కట్టడం మొదలుపెట్టారు. భుజం దగ్గర రెండు ముడులు, చంక కింద మూడు, వీపు వెనక ఐదు. చేతులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, గుడ్డే వాటి దగ్గరకు పోయింది. మోచేతుల దాకా చుట్టి కడితే, అంగుళం తేడా లేకుండా సరిపోయింది. మీద కొత్త తెల్లగుడ్డ కప్పారు. అడ్డం కట్టిన చీర విప్పారు.

ముంగిట్లోని ఆడవాళ్లు ముందు చూశారు. ఆ తర్వాత లక్ష్మీపతి చూశాడు. తెల్లగుడ్డలోంచి వంకాయ రంగు చేతులు రెండూ బయటికి కనపడుతున్నాయి.

"కుట్టిన గుడ్డ వద్దన్యారు గదా స్వామీ" అన్నాడు, కూతురితో కాదు, మల్లికార్జునయ్యతో.

కాత్యాయని వైదికుడి వైపు తిరిగింది. "వెతకండి మామా. కుట్టు ఒక్కటి కనపడినా నేనే విప్పేస్తా."

మల్లికార్జునయ్య కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు. మెడ చూశాడు, భుజం చూశాడు, కాత్యాయని ఒక పక్కకు ఒరిగించి చూపిస్తే వీపు చూశాడు. ముంగిట్లో ఆయన భార్య కూడా ఉంది, తొడుక్కున్న రవిక ఎవరు కుట్టిందో చెప్పక్కర్లేదు. ఆయన చాలాసేపు వెతికాడు. అబద్ధమాడే మనిషైతే ఒక్క నిమిషంలో అయిపోయేది.

"కుట్టు లేదు" అన్నాడు చివరికి.

లక్ష్మీపతి రంగు చూడమన్నాడు. విధవకు ఈ రంగేమిటన్నాడు. రంగు సంగతి నేను చెప్పలేదు లక్ష్మీపతీ, కుట్టు సంగతే చెప్పినా అని మల్లికార్జునయ్య కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. శాస్త్రం అట్లా తప్పుకుని పక్కన నిలబడింది. ఇక మిగిలింది లక్ష్మీపతి ఒక్కడే.

ఆయన చుట్టూ చూశాడు. గుమ్మంలో, కిటికీల్లో, ముంగిట్లో అన్నీ ఆడ మొహాలే. కచేరీలో ఏ అర్జీనైనా ఏ కాగితం తక్కువైందో చెప్పి తిప్పి పంపడం ఆయనకు ఇరవై ఏళ్ల పని. ఇక్కడ తక్కువైన కాగితం ఏదీ కనపడలేదు. కనపడకపోయేసరికి, ఏడేళ్లుగా లోపల ఉన్నది బయటికి వచ్చింది.

"నేను కండ్లు తెరిచినప్పట్నుంచి మా అమ్మను ఒక్కమాదిరే చూసినా. తెల్లగుడ్డ, ఆ గుడ్డ కొంగులో నేను. ఆ అమ్మనే నేను సాగనంపాల. ఈమె ఎవరో నాకు తెలీదు."

ఆ మాటకు కాత్యాయనికి తండ్రి మీద జాలి కలిగింది. ఇరవై ఏళ్లలో ఆయన నోట విన్న మొదటి నిజమైన మాట అది. జాలి కలిగింది గానీ ముడి విప్పడానికి చెయ్యి పోలేదు.

"నీ చిన్నప్పుడు ఆమె పందొమ్మిదేండ్ల పిల్ల నాయనా" అంది. "చలికి వణుకుతాంటే నిన్ను కొంగులో చుట్టుకునింది నీకోసమొక్కటే కాదు, తన చలికి గూడా. నువ్వు చూసింది అమ్మను కాదు, అమ్మకు లేనిదాన్ని చూసినావు. నీకు అట్ల గుర్తుందని ఆమె అట్లనే కాలాల్నా?"

లక్ష్మీపతి తల్లి మొహం వంక చూశాడు, చేతుల వంక చూడలేదు. అంతలో తెల్లగుడ్డ ఒక చేతి మీదికి జారి రంగును కప్పింది. ఎవరో ఊపిరి వదిలారు. అట్లాగే వదిలేస్తే కప్పినట్టూ ఉంటుంది, కట్టినట్టూ ఉంటుంది, అందరి మాటా నెగ్గుతుంది. లక్ష్మీపతి కూడా అదే అనుకున్నాడేమో, లేవబోయాడు.

మీనాక్షి వంగి, ఆ గుడ్డను మోచేతి పైదాకా మడిచి, జారకుండా నడుం కింద దోపింది. తర్వాత లేచి, పాతికేళ్లలో మొదటిసారి మొగుడి ఎదుట పైకి మాట్లాడింది. మాట్లాడింది కూడా మొగుడితో కాదు.

"స్వామీ, పొద్దు పోతాంది. ఎత్తుతారా, లేకుంటే మమ్మల్నే ఎత్తమంటారా?"

ముంగిట్లో అరవై డెబ్బైమంది ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు నిజంగానే కొంగు నడుముకు బిగించారు. మల్లికార్జునయ్య అది చూసి, లక్ష్మీపతి చేతికి నిప్పుకుండ అందించాడు. ఆయన తీసుకున్నాడు. ఒప్పుకున్నాడని ఎవరూ అనలేరు, కాదన్నాడనీ అనలేరు. నిప్పుకుండ బరువుగా ఉంది, పట్టుకున్నవాడు నడవాలి.

ముందు నిప్పు పట్టుకుని నడిచే కొడుకు వెనక్కి తిరిగి చూడకూడదని నియమం. ఆరోజు లక్ష్మీపతికి ఆ నియమం ఎంతో సాయపడింది.

ఆడవాళ్లు గడప దగ్గర ఆగిపోవాలి. కాత్యాయని ఆగలేదు, వీధి మధ్యకు వచ్చి నిలబడింది. ఆమె వెనక మీనాక్షి వచ్చింది. ఒక్కొక్కరే మిగిలినవాళ్లు వచ్చారు. అటు పక్క సందులోంచి గుల్జార్‌బీ తల మీద కొంగు కప్పుకుని, గోడ పట్టుకుని వచ్చింది. ఎవరూ ఏడవడం లేదు. ఎదురింటామె మాత్రం, ఎంత బాగా కుదిరిందో చూడండి, భుజం దగ్గర ముడత కూడా లేదు అంది. పక్కామె అవునంది.

పాడె వీధి చివర మలుపు దాకా పోయింది. అంతదూరం నుంచి ముడులు కనపడవు, చీలికలు కనపడవు. చూసిన ప్రతివాళ్లకూ అది రవికే.